సేద్యగానికి వ్యాయామమేల?

“పొలము దున్నువానికి వేఱుగ వ్యాయామమేల?” అని మా కె.గంగవరము ప్రాంతమున పలువురు మమ్ము అడుగుచుందురు. నాగలి పట్టిన దినములలో ఆ మాట చెల్లినది. నేడు దుక్కి ట్రాక్టరు దున్నుచున్నది, కోత యంత్రము కోయుచున్నది, గట్టువఱకు మోటారు సైకిలు మోయుచున్నది. శ్రమ తగ్గినను కంచములోని అన్నము తగ్గలేదు. ఆ మిగులు పొట్టయై పెరిగి మధుమేహమునకు, రక్తపుపోటునకు త్రోవ తీయును.

చెమట పట్టినచో క్రొవ్వు కరగెనని తలంచుట రెండవ పొరపాటు. పోయినది నీరే, చెంబెడు నీళ్లు త్రాగిన ఆ తూనిక మరల వచ్చును.

మాంసము లేక బలము లేదనుట మూడవది. 1942లో గతించిన వీరఘట్టము మల్లుడు కోడి రామమూర్తినాయుడుగారు శాకాహారియే. పప్పు, పాలు, పెరుగు కొఱవడకుండిన చాలును.

పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు శ్రమయు, రెండు దినములు కండబలము నిచ్చు పనియు వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. అనగా వారమున అయిదు దినములు కాలువగట్టున అరగంట వడిగా నడువుడు. మాటాడ గలిగియు పాడలేనంతటి వేగము చాలును. రెండు దినములు పారపనియో గుంజిళ్లో చేయుడు. గుండెజబ్బు గలవారు ముందుగ వైద్యుని అడుగవలెను.

సాలలో కట్టివేసి మేపిన యెద్దు కాడికి పనికిరాదని యెఱిగినవారము. మన దేహమును అట్టిదే.