వాడుకలో లేని కారు: అమ్మినా పేరు మారేవరకు బాధ్యత తప్పదు

వాడకం మానివేసిన కారును అమ్మివేసినంత మాత్రాన యజమాని బాధ్యత తీరిపోదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో విక్రయించినపుడు అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయవలసి ఉంటుంది. ఇందుకు 29, 30 నంబరు ఫారాలు నిర్దేశింపబడినవి. ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి మధ్యవర్తి చేతిలో పెట్టి ఊరుకొనడం పరిపాటి, చిక్కంతా అక్కడే.

2007లో అమ్మిన ఒక కారు పలువురి చేతులు మారి 2009లో ప్రమాదానికి కారణం కాగా, రిజిస్ట్రేషన్ రికార్డులలో పేరు ఉన్న వ్యక్తియే నష్టపరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పునిచ్చింది.

కారు శాశ్వతంగా పనికిరాని స్థితికి చేరినట్లయితే, 55వ సెక్షను ప్రకారం 14 రోజులలోగా ఆ విషయం తెలిపి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టును దాఖలుచేసి రద్దు చేయించుకోవాలి. 2021 నిబంధనల క్రింద నమోదైన స్క్రాపింగ్ కేంద్రానికి కారును అప్పగించినవారికి డిపాజిట్ సర్టిఫికెట్టు జారీ చేయబడుతుంది.