చెప్పుకోలేని దిగులుకు తోడే ఊతం

బుద్ధిమాంద్యం ఉన్న మనిషి నాలుగు రోజులు మూల కూర్చుంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. 'వాడి తీరే అంత' అనుకుంటారు. అన్నం మానేసినా, నిద్రపోకున్నా, ఉన్నట్టుండి చేయి చేసుకున్నా మొండితనం కింద జమకడతారు. అది మానసిక కుంగుబాటు కావచ్చునని, నోటితో చెప్పుకోలేక ఇలా బయటపడుతుందని వైద్యులు అంటున్నారు. తల్లో తండ్రో పోతే వీరికేం తెలుస్తుందిలే అనుకోవడమూ పొరపాటే. తెలుస్తుంది.

ఇటువంటి వారి దిగులును మాటలతో, పనులతో తగ్గించవచ్చునా అని బ్రిటన్‌లో పరీక్షించారు. గ్లాస్గో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆండ్రూ జహోడా బృందం 161 మంది పెద్దవారిని రెండు వర్గాలు చేసింది. ఫలితాలు 2017లో 'లాన్సెట్ సైకియాట్రీ' పత్రికలో వచ్చాయి.

మొదటి వర్గంలో మనసుకు నచ్చే పనులు, అక్కరకొచ్చే పనులు ఏవో కనుక్కుని కొద్దికొద్దిగా చేయించారు. రెండో వర్గానికి నిద్ర, వ్యాయామం, చిక్కులు తీర్చుకోవడం వంటి వాటిపై తేలిక పుస్తకాలు దగ్గరుండి వివరించారు. రెండింటిలోనూ బాగోగులు చూసే మనిషి ఒకరు వెంట కూర్చున్నారు.

ఏడాదికి రెండు వర్గాల్లోనూ కుంగుబాటు తగ్గింది. ఏది మెరుగో తేలలేదు. చికిత్స ఇవ్వని మూడో వర్గం లేదు గనుక ఘనతంతా ఈ పద్ధతులదే అనడానికి లేదు. అయినా వీరికి మాటల వైద్యం దండగన్న వాదానికి ఇది జవాబు.

పల్లెలోనూ సాధ్యమే

గేదెకు గడ్డి వేయడం, గుడిలో పూలు అందించడం, టీ కొట్టు దాకా నడిచి రావడం - ఏది ఇష్టమో ఆ మనిషినే అడగాలి. రోజూ ఒకే వేళకు, మొదట్లో పక్కనుండి చేయించాలి. చేసిన మేరకు మెచ్చుకోవాలి. గొడ్డుచాకిరీ మాత్రం చికిత్స కాదు.

ముందు డాక్టరుకు చూపాలి

పంటి నొప్పి, థైరాయిడ్ లోపం వంటివి కూడా మనిషిని ముడుచుకుపోయేలా చేస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్ లోపం ఎక్కువ. మందులు వాడుతున్నవారికి డాక్టరును అడగకుండా ఆపరాదు. తిండీ నీళ్లూ మానేసినా, చచ్చిపోతానన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మనోవ్యథకు సంబంధించిన సలహాలకు 'టెలిమానస్' 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.