4.3 నడుస్తున్న ప్రాసెస్‌లను గమనించడం

బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు కొల్లేరులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. సరస్సు మట్టం పెరిగితే ముందు చూడవలసింది రెండు: పైనుంచి వచ్చే నీరు ఎక్కువైందా? ఉప్పుటేరు లాగడం తగ్గిందా? కంప్యూటరు మందగించినప్పుడు కూడా ఇలాగే కారణం చూడాలి. చూడకుండా ఏదో ఒక ప్రాసెస్‌ను ఆపేస్తే, సేవ్ చేయని పని పోతుంది.

4.3.1 జాబితా: పీఎస్

డిస్క్‌లో ఉన్నది ప్రోగ్రామ్. అమలులో ఉన్న ప్రోగ్రామే ప్రాసెస్. లినక్స్ ప్రతి ప్రాసెస్‌కూ పీఐడీ అనే సంఖ్య ఇస్తుంది. 'పీఎస్' అని మాత్రమే ఇస్తే మీ టెర్మినల్‌లోని మీ ప్రాసెస్‌లే కనిపిస్తాయి. 'పీఎస్ ఏయూఎక్స్' అని ఇస్తే వినియోగదారులందరివీ కనిపిస్తాయి. (ఆదేశాలను చిన్న ఇంగ్లిషు అక్షరాలలో టైపు చేయాలి.) ఈ జాబితా ఆ క్షణానికి తీసిన ఫోటో వంటిది.

4.3.2 పర్యవేక్షణ: టాప్

'టాప్' సాధారణంగా 3 సెకన్లకొకసారి తాజా వివరాలు చూపుతుంది. దాని పై వరుసలోని లోడ్ యావరేజ్ గత 1, 5, 15 నిమిషాల సగటులను తెలుపుతుంది.

ఉదాహరణ: ఏలూరులో ఒక విద్యార్థిని చేపల చెరువుల ఆక్సిజన్ కొలతలను లెక్కించే స్క్రిప్ట్ నడుపుతోంది అనుకుందాం. ఆమె యంత్రంలో 4 కోర్లు ఉన్నాయి. లోడ్ 9, 6, 3. మొదటి సంఖ్య పెద్దది కాబట్టి భారం పెరుగుతోంది. ఇప్పుడు స్థితి గడి చూడాలి.

• 'ఆర్': నడుస్తోంది, లేదా సీపీయూ కోసం వరుసలో ఉంది. ఇవి ఎక్కువగా ఉంటే లెక్కింపు పని ఎక్కువైందని అర్థం.
• 'ఎస్': ఏదో ఒక సంఘటన కోసం నిద్రలో ఉంది. భారానికి ఇది కారణం కాదు.
• 'డి': సాధారణంగా డిస్క్ వంటి పరికరం కోసం ఆగి ఉంది. సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ పెరగడానికి ఇదే కారణం కావచ్చు. అప్పుడు ప్రాసెస్‌ను కాదు, పెన్‌డ్రైవ్‌ను లేదా డిస్క్‌ను పరీక్షించాలి.

4.3.3 ఆపడం: కిల్

'కిల్' తర్వాత పీఐడీ ఇస్తే 15వ సిగ్నల్ వెళుతుంది. పని సర్దుకుని ముగించే అవకాశం ప్రాసెస్‌కు ఉంటుంది. 9వ సిగ్నల్ ఆ అవకాశం ఇవ్వదు. దాన్ని చివరి మార్గంగానే వాడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లోడ్ 3, 6, 9 అని కనిపిస్తే భారం పెరుగుతోందా, తగ్గుతోందా?
2. సీపీయూ ఖాళీగా ఉండి లోడ్ ఎక్కువగా ఉంటే ముందు ఏ స్థితి కోసం వెతుకుతారు? ఎందుకు?