పక్షవాతమును రక్తమందలి చక్కెరయు

ఇబ్రహీంపట్టణము పెద్దచెరువు క్రింద సేద్యము చేయు మన సభ్యులలో నొకరు, గడచిన వరికోతల కాలమున కల్లములో వడ్లు ఆరబోయుచుండగా హఠాత్తుగా కూలబడిరి. కుడిచేయి పట్టు తప్పెను, మూతి వంకరపోయెను, మాట ముద్దయై వచ్చెను. చుట్టు నున్నవారందరును ఆయన మేలు కోరువారే. ఒకరు చక్కెర కలిపిన నీళ్ళు నోట బోసిరి. మరియొకరు పావురపు నెత్తురు పూసినచో చేతికి పట్టు తిరిగి వచ్చునని చెప్పి, పావురమును దెచ్చుటకు మనుష్యుని బంపిరి. పోసిన నీళ్ళలో కొంత ఊపిరిగొట్టములోనికి దిగి ఆయన ఉక్కిరిబిక్కిరి యయ్యెను. రెండు గంటలు గడచినగాని ఎవరికిని 108కి ఫోను చేయవలెనని తోచలేదు. ఆ వాహనములో వచ్చిన యుద్యోగి వ్రేలికొన పొడిచి చూడగా రక్తమందలి చక్కెర 290 ఉండెను. ఆయనకు చక్కెర వ్యాధి కలదని ఇంటివారు అదివరకు ఎరుగరు.

ఆ మాసముననే సమీప గ్రామమున ఒక అవ్వ తెల్లవారగనే చక్కెర బిళ్ళ వేసికొని, ఏకాదశి యగుటచే అన్నము మానెను. మధ్యాహ్నమునకు ఆమె ఎడమచేయి వ్రాలిపోయెను. ఎవరిని చూచినను గుర్తింపక తడబడు మాటలాడెను. అవ్వకు పక్షవాతము తగిలెనని మనుమలు ఏడ్వసాగిరి. ఉపకేంద్రపు నర్సమ్మ వచ్చి పరీక్షింపగా చక్కెర 38 మాత్రమే యుండెను. నరములోనికి గ్లూకోజు ఎక్కించిన కొలది సేపటికే చేయి లేచెను, మాట తేటపడెను.

చూచువారి కంటికి ఈ యిరువురి రోగమును ఒక్కటే. చక్కెర నీళ్ళు ఒకరికి హాని. రెండవవారికి చక్కెరయే ప్రాణము. కంటితో చూచి వీనిని వేరు చేయుట వైద్యునికైనను దుర్ఘటము. వ్రేలికొన నుండి తీసిన యొక చుక్క నెత్తురును, గ్లూకోమీటరు అను చిన్న యంత్రమును నిమిషములోపల వేరు చేయును. అందుచేతనే నెత్తురుగడ్డను కరగించు సూది మందు నిచ్చుటకు ముందు తప్పక తెలిసియుండవలసిన రక్తపరీక్ష ఇదియొక్కటే యని వైద్యశాస్త్రము నిర్ణయించినది.

పై సంఖ్యలు నూరు మిల్లీలీటర్ల రక్తమున నున్న చక్కెరను మిల్లీగ్రాములలో తెలుపును. ఆరోగ్యవంతునకు పరగడుపున 70 మొదలు 100 వరకు నుండును. పక్షవాతము వచ్చిననాడు చక్కెర వ్యాధి లేనివారికి సైతము ఇది పెరుగుట కలదు. శరీరము ఆపదలో నున్నదని గ్రహించి కొన్ని గ్రంథులు రసములను విడుచును. వాని ప్రేరణచే కాలేయము తన నిల్వలోని చక్కెరను రక్తములోనికి వదలును. 2001లో 32 పరిశోధనలను కూర్చి చూచినవారు, చక్కెర వ్యాధి లేని రోగులలో ఆసుపత్రిలో చేరునప్పటికి చక్కెర హెచ్చుగా నున్నవారికి మరణభయము సుమారు మూడు రెట్లని కనుగొనిరి. అట్లని మొదటినాటి లెక్కను బట్టి ఒకనిని జీవితాంతము చక్కెర రోగి యని వ్రాసివేయరాదు. గడచిన మూడు మాసముల సగటును తెలుపు వేరొక పరీక్ష కలదు. దానిని చేయించి నిశ్చయించుకొనవలెను.

హెచ్చు చక్కెర మెదడునకు చేయు కీడు ఎట్టిదో మన చెరువును బట్టి చెప్పుకొందము. తూము మూసికొనిపోయినయెడల కొన్ని మడులు వెంటనే ఎండును. వాని చుట్టుపట్ల మడులు వాడియుండును గాని చావవు. ప్రక్క బోదెనుండి ఊటనీరు కొంత అందుచుండును. నీరు త్వరగా విడిచినచో అవి తేరుకొనును. రక్తనాళము మూసికొనిన మెదడులోను ఇట్టి వాడిన భాగము గలదు. ప్రాణవాయువు చాలని యాచోట చక్కెర పూర్తిగా దహింపబడక ఆమ్లముగా మారి, బ్రతుకవలసిన భాగమును గూడ చంపును. కరగించు మందు వలన మెదడులో రక్తస్రావమగు భయమును సైతము హెచ్చు చక్కెర పెంచును.

అట్లైన ఇన్సులిను దండిగా నిచ్చి చక్కెరను త్వరగా దింపిన మేలు గదా యని తోచును. పలువురు వైద్యులును చిరకాలము అట్లే తలచిరి. ఇంగ్లండులో 933 మంది రోగులపై జరిగిన పరీక్ష 2007లో ప్రకటింపబడెను, మేలేమియు కనబడలేదు. అమెరికాలో 1151 మందిని రెండు పక్షములుగా విభజించి మరల పరీక్షించిరి. ఒక పక్షమువారికి చక్కెరను 80కి 130కి మధ్యను, రెండవ పక్షమువారికి 180 దాటకుండను మూడు దినముల వరకు కాపాడిరి. 2019లో ఫలితము వెలువడెను. తొంబది దినముల పిమ్మట బాగుగా కోలుకొనినవారు మొదటి పక్షమున నూటికి 20.5, రెండవ పక్షమున 21.6. అనగా బిగించి పట్టుట వలన లాభము లేదు. పైగా మొదటి పక్షమున 15 మందికి చక్కెర 40 కంటె క్రిందికి పడిపోయెను. రెండవ పక్షమున నొక్కరికిని అట్లు జరుగలేదు. చక్కెర మితిమీరి తగ్గినను మెదడు చెడునని అవ్వ వృత్తాంతమే చెప్పుచున్నది గదా. కావున ఇప్పుడు ఆసుపత్రులలో 140కి 180కి నడుమ నుంచుట వాడుక. రోగి బంధువులు, "మా తండ్రికి 165 ఉన్నది, ఇంకను ఇన్సులిను ఏల ఈయరు?" అని నర్సులతో తగవు పెట్టుకొనుట మేము చూచియున్నాము. ఆ తగవు అనవసరము.

మా మనస్సున మిక్కిలి నాటిన పరీక్ష ఆస్ట్రేలియాలోనిది. అందు క్రొత్త మందేదియు లేదు. జ్వరమును కనిపెట్టుట, చక్కెరను కనిపెట్టుట, మ్రింగగలడో లేదో చూచినగాని నోట ఏదియు పెట్టకుండుట, ఈ మూడు పనులను నర్సులు క్రమము తప్పక చేయునట్లు నేర్పిరి. అట్లు నేర్పిన చోట తొంబది దినములకు మరణించినవారును పరాధీనులైనవారును నూటికి 42, నేర్పనిచోట 58. ఇది 2011లో ప్రకటితమయ్యెను. కల్లములో ఆనాడు పోసిన చక్కెర నీళ్ళు ఈ మూడింటిలో రెండింటికి విరుద్ధము.

ఇబ్రహీంపట్టణము నుండి హైదరాబాదు సుమారు 30 కిలోమీటర్లు. సాగరు రోడ్డున బొంగులూరు, తుర్కయంజాలు దాటి ఎల్.బి. నగరు చేరునప్పటికి సాయంకాలపు రద్దీలో ఎంత కాలము పట్టునో మన పాలబండ్లవారు, కూరగాయలవారు ఎరుగుదురు. గడ్డను కరగించు మందు రోగము మొదలైన నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. అంతకుముందు మెదడులో రక్తస్రావము లేదని సి.టి. స్కానుతో తెలిసికొనవలెను. కాబట్టి మూతి వంకర, చేతి వ్రాలుడు, మాట తడబాటు కనబడినయెడల మొదట 108కి ఫోను, ఆపై గడియారము చూచి వేళ గురుతుంచుకొనుట. ఇంట గ్లూకోమీటరున్న చూడుడు. చక్కెర 70 కంటె తక్కువై, రోగి తెలివిగా కూర్చుండి మ్రింగగలిగిననే చక్కెర నీయవచ్చును. తక్కిన యెడల గ్రుక్కెడు నీరైనను వలదు. చక్కెర బిళ్ళ వలన పడిపోయినవారు తేరుకొనినను ఆసుపత్రికి పోవలెను. కొన్ని బిళ్ళల బలము దినమంతయు నుండి మరల పడద్రోయును.

ఇల్లు చేరిన తరువాతి మాసములే దీర్ఘమైనవి. కోలుకొనుట మొదటి మూడు మాసములలో వేగముగను, పిదప మెల్లగను జరుగును. ఆ కాలమున చేతికి కాలికి చేయించు వ్యాయామము కండలచేత చక్కెరను వాడించును గూడ. జొన్నరొట్టె తిన్న చక్కెర పెరుగదను మాట సగమే నిజము. ఎన్ని రొట్టెలనునది లెక్క. పేరు లేని పొట్లములలో అమ్ము పొడులలో కొన్నిట స్టెరాయిడు కలియుట కలదు. అది చక్కెరను పెంచును. పట్టు తప్పిన కాలికి స్పర్శ తెలియదు గావున ప్రతి రాత్రి అరికాలు చూడవలెను.

మన సభ్యుడు ఇప్పుడు కర్ర ఊతతో చెరువుకట్ట వరకు నడచుచున్నాడు. కుడిచేతితో చొక్కా గుండీలు పెట్టుకొనుట ఇంకను చేతకాలేదు. పదునైదు దినములకొకసారి వ్రాయించుకొను చక్కెర లెక్క 150 ప్రాంతమున నిలిచియున్నది. అవ్వకు వైద్యుడు బిళ్ళను మార్చెను. ఉపవాసదినమున ఏమి చేయవలెనో చీటిపై తెలుగున వ్రాయించి గూటిలో పెట్టుకొనెను.