లైటు కొడితే క్యాన్సర్ పోతుందా?

దసరా సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మాకు వరుసకు పెద్దబాపు అయ్యే ఆయన సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూపించి, "లైటు కొడితే క్యాన్సర్ పోతదంట, నిజమేనా బిడ్డా?" అని అడిగాడు. ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాళ్లం కాబట్టి ఇలాంటివన్నీ మా దగ్గరికే వస్తాయి. ఆయన దవడ లోపల నెల దాటినా మానని పుండు ఉంది.

హాస్టల్లో కరెంటు పోయినప్పుడు టార్చిలైటును అరచేతికి ఆనించి చూసేవాళ్లం, గుర్తుందా తమ్ముళ్లూ? చెయ్యి ఎర్రగా వెలిగేది. మిగతా రంగులను చర్మం, నెత్తురు మింగేస్తాయి, ఎరుపు దాటి వస్తుంది. ఎరుపు పక్కనే ఉండే, కంటికి కనిపించని పరారుణ కాంతి ఇంకా లోతుకు పోతుంది. గడ్డలోకి ఒక రంగు మందు చేర్చి ఈ కాంతిని లేజర్‌తో పంపితే, మందు వేడెక్కి క్యాన్సర్ కణాలను చంపుతుంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో అరవింద్ కుమార్ రెంగన్ బృందం ఈ పద్ధతి మీద పరిశోధనలు చేస్తోంది.

రెండోది కార్-టి వైద్యం. రోగి నెత్తురులోని టి-కణాలను తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా జన్యువు మార్చి తిరిగి ఎక్కిస్తారు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19కు 2023లో మన దేశంలో అనుమతి లభించింది. కానీ అది కొన్ని రక్త క్యాన్సర్లకే. గట్టి గడ్డలోకి ఈ కణాలు చొరబడలేవు. లోపలి ఒత్తిడి, అల్లుకున్న పీచు అడ్డుపడతాయి.

అందుకే రెండింటినీ కలిపి చూస్తున్నారు. 2019లో అమెరికా శాస్త్రవేత్తలు మనిషి చర్మ క్యాన్సర్ గడ్డలు పెంచిన ఎలుకలపై ప్రయోగం చేశారు. ముందు గడ్డను లేజర్‌తో కొద్దిగానే వేడిచేశారు. పీచు వదులై, నెత్తురు పారడం పెరిగింది. తర్వాత ఎక్కించిన కార్-టి కణాలు ఎక్కువగా లోపలికి చేరాయి. వాడిన రంగు మందు కంటి పరీక్షల్లో వాడే ఇండోసయనిన్ గ్రీనే!

పెద్దబాపుకు ఇదంతా చెప్పలేదు. "అది ఇంకా ఎలుకల కాడనే ఉంది, నీ దాకా రాలే" అన్నాము. అంబర్, గుట్కా నమిలేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. నోట్లో పుండు మూడు వారాలు దాటినా మానకపోతే ముక్క పరీక్ష చేయించాలి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మొదట చూపించుకోవడానికి హైదరాబాద్ దాకా పోనక్కరలేదు.

సోమవారం పొద్దున్నే ఆయన్ను జనగామ తీసుకెళ్లాము. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇది రాసే నాటికి రిపోర్టు ఇంకా రాలేదు.