పెద్ద కట్టడములకు పెట్టుబడి ఎక్కడిది?

ఇరువది అంతస్తుల భవనమొకటి లేచుచున్నప్పుడు దాని ఎత్తు అందరి కంటను పడును. అందు పెట్టిన ధనమెవరిదో కంటబడదు. స్థలము కొన్ననాటినుండి తాళపుచెవులు చేతికి వచ్చువరకు ఏండ్లు పట్టును. అంతకాలమును ఖర్చే గాని రాబడి ఉండదు. ఆ నడిమికాలపు నష్టభయమును మోయువారెవరు? పెద్ద కట్టడముల పెట్టుబడి విషయమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

మన దేశమున చిరకాలము ఆ భారమును మోసినవారు ఇల్లు కొనువారే. నిర్మాత తన సొమ్ము కొంత, అప్పు కొంత తెచ్చి, తక్కిన పనిని కొనుగోలుదారుల వాయిదాలతో నడిపెడివాడు. ఆ వాయిదాలకు అతడు వడ్డీ ఇయ్యనక్కరలేదు. అంతకన్న చవకైన ధనము మరి దొరకదు. ఒకచోట వసూలైన సొమ్ముతో మరియొకచోట స్థలము కొన్నచో, మొదటి కట్టడము స్తంభములతోనే ఆగిపోయెడిది. సొమ్ము కట్టిన కుటుంబము ఒకవంక ఇంటద్దెయు, మరియొకవంక బాంకు వాయిదాయు చెల్లించుచు ఏండ్లు గడుపవలసి వచ్చెడిది.

2016 లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా రేరా, ఈ దారిని కొంత మూసినది. కొనుగోలుదారులిచ్చిన సొమ్ములో నూటికి 70 వంతులు ఆ కట్టడమునకే ప్రత్యేకించిన బాంకు ఖాతాలో ఉంచవలెను. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డు అకౌంటెంటు ధ్రువీకరించిన పిమ్మట, పని జరిగిన కొలదినే దానిని తీయవలెను. విక్రయపు ఒప్పందము రిజిస్టరు కాకముందు వెలలో నూటికి 10 వంతులకు మించి పుచ్చుకొనరాదు. ఆగిపోయిన ఇండ్లను పూర్తిచేయుటకై కేంద్ర ప్రభుత్వము 2019 లో 25,000 కోట్ల రూపాయల లక్ష్యముతో ‘స్వామిహ్’ అను ప్రత్యేక నిధిని ఆమోదించినది.

ఇక రెండవ మార్గము స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టు. దీనిని క్లుప్తముగా రీట్ అందురు. అమెరికాలో ఇది 1960 లో చట్టరూపము దాల్చినది. మన దేశమున సెబీ 2014 లో నిబంధనలు చేసినది. 2019 లో ఎంబసీ ఆఫీస్ పార్క్స్ మన తొలి రీట్‌గా స్టాకు ఎక్స్ఛేంజికి వచ్చినది. 2020 లో వచ్చిన మైండ్‌స్పేస్ రీట్‌కు హైదరాబాదులోని మాదాపూరున కూడ భవనములున్నవి.

దీని పని ఇట్లుండును. నిర్మాత కట్టి అద్దెకిచ్చిన భవనములను ట్రస్టునకు అప్పగించును. ట్రస్టు వాటి విలువను చిన్నచిన్న యూనిట్లుగా విభజించి ప్రజలకు అమ్మును. చిక్కుపడియున్న మూలధనము నిర్మాత చేతికి తిరిగివచ్చి తరువాతి కట్టడమునకు ఉపయోగపడును. యూనిట్లు కొన్నవారికి అద్దెలలో భాగము అందును. ఆస్తుల విలువలో కనీసము నూటికి 80 వంతులు పూర్తియై రాబడి తెచ్చు భవనములు కావలెను. పంచదగిన రాబడిలో నూటికి 90 వంతులైనను పంచవలెను. ఇచ్చట సామాన్యుని సొమ్ము కట్టడమునకు ముందుగాక, అది పూర్తియైన పిమ్మటనే ఎక్కువగా ప్రవేశించుచున్నది.

అట్లని ఇది బాంకు డిపాజిటు వంటిది కాదు. కార్యాలయములు ఖాళీ అయినచో అద్దె తగ్గును. ట్రస్టు ఆస్తుల విలువలో నూటికి 49 వంతులవరకు అప్పు చేయవచ్చును. యూనిటు ధర మార్కెటులో పడిపోవచ్చును.

క్రొత్త పద్ధతులు వచ్చినను పాతది పేరు మార్చుకొని తిరుగుచునే ఉన్నది. అనుమతులు రాకముందే చవక ధర చూపి సొమ్మంతయు అడుగు ‘ప్రీలాంచ్’ పద్ధతి అట్టిది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము అన్నట్లుండు బేరమిది. చట్టపరిధిలోని కట్టడమును రేరాలో నమోదు చేయకుండ అమ్మజూపుటయే కాదు, ప్రకటించుట కూడ నేరమే.

కనుక చెక్కు వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలు వేయవలెను. నమోదు సంఖ్య ఏది? సొమ్ము ఏ ఖాతాలో జమయగును? కట్టడము ఆగినచో నష్టమెవరిది? కడపటి ప్రశ్నకు జవాబు ‘మీదే’ అని తేలినచో, ఆ తగ్గించిన ధర మీరు మోయబోవు బరువునకు కూలియే గాని బహుమానము కాదు.