గాలిబ్‌కు రేఖారూపం : చిత్రకారుడు చుగ్తాయి

గజల్‌లోని ప్రేయసికి ముఖం ఉండదు. ఆమె కురులు ఉంటాయి, ఆమె వీధి ఉంటుంది, ఆమె రాకకై తెల్లవార్లూ వెలిగి ఆరిపోయే దీపం ఉంటుంది. రూపమేమని అడిగితే కవి చెప్పడు. మన ప్రబంధకవి అట్లా కాదు. నాయికను ఆపాదమస్తకం వర్ణించి గాని విడువడు. కనుక ప్రబంధం చిత్రకారునికి చేతికందిన వస్తువు, గజల్ అందని వస్తువు. అట్టి గజల్‌కు చక్రవర్తి వంటి మీర్జా గాలిబ్ (1797-1869) దివాన్‌కు బొమ్మలు కూర్చిన సాహసి లాహోరు వాసి అబ్దుర్ రహమాన్ చుగ్తాయి.

ఆయన 1897లో శిల్పులు, నకాషీ పనివారు గల వంశంలో జన్మించాడు. మసీదు గోడలపై లతలు, పువ్వులు తీర్చే విద్యను మొదట పెద్దల వద్దనే అభ్యసించాడు. పిమ్మట లాహోరులోని మేయో కళాపాఠశాలలో చేరాడు. అక్కడ అవనీంద్రనాథ ఠాకూరు శిష్యుడు సమరేంద్రనాథ గుప్త ఉపాధ్యాయుడు. వంగచిత్రకారుల 'వాష్' పద్ధతి ఆ విధంగా పంజాబుకు వచ్చింది. ఈ పద్ధతిలో కాగితంపై పలుచని రంగు పూసి, నీటితో తడిపి, ఆరిన పిదప మరల రంగు పూస్తారు. ఇట్లా పొర మీద పొర వేయగా రంగు కాగితంలోనికి ఇంకి, మంచు వంటి మెత్తదనం వస్తుంది. అయితే వంగచిత్రాలలో ఆ మంచు ఆకృతులనే మింగివేస్తుందని మా అభిప్రాయం. చుగ్తాయి అందుకు లొంగలేదు. పారశీక, మొగలాయి చిత్రాల నుండి గ్రహించిన సన్నని, తెగని రేఖను ఆ మంచుపై నిలిపాడు. వస్త్రపు మడత, అరమోడ్పు కన్ను, సన్నని వ్రేలు అన్నీ ఆ రేఖకే లోబడి ఉంటాయి.

1928లో 'మురక్కా-ఎ-చుగ్తాయి' వెలువడింది. మురక్కా అనగా అతుకులతో కూర్చినది. మొగలాయి కాలంలో చిత్రాలను, చేవ్రాతలను అతికించి కట్టిన గ్రంథానికి ఆ పేరు. దీనికి ముందుమాట వ్రాసినవాడు మహాకవి ఇక్బాల్. చిత్రలేఖన సాంకేతికతను నిర్ణయించగల అర్హత తనకు లేదని ఆయన అందులో నిస్సంకోచంగా చెప్పుకున్నాడు! ఉపోద్ఘాతం వ్రాసిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ మనకు పరాయివాడు కాడు. మదనపల్లె కళాశాలకు అధ్యక్షత వహించినవాడు. 1919లో రవీంద్రుడు 'జనగణమన'ను ఆంగ్లీకరించినది ఆయన ఆతిథ్యంలోనే.

గాలిబ్ పద్యంలోని సంఘటనను చుగ్తాయి చిత్రించలేదు. సంఘటన ఉంటే గదా! పద్యం చదివిన పిమ్మట మనస్సులో మిగిలే స్థితిని చిత్రించాడు. దీపం, మధుపాత్ర, జాలీ కిటికీ, వంగిన మెడ: ఇంతే సామగ్రి. ఉర్దూ లిపి ఎరుగని మా వంటి వారికి కూడ ఆ చిత్రాలలో నిరీక్షణ తెలుస్తుంది, నిరాశ తెలుస్తుంది.

ఆయన ముఖాలన్నీ ఒకే పోలికగా ఉంటాయనీ, అలంకారం అతిగా ఉంటుందనీ విమర్శకులు ఆక్షేపించారు. అందులో నిజం లేకపోలేదు. వీధిలోని ఆకలి ఆయన కాగితంపైకి రాలేదు. కాని పేరు లేని ప్రేయసికి పలు ముఖాలు కల్పిస్తే అది గజల్ కాజాలదు. ఆ ఏకరూపతను మేము లోపంగా పరిగణించలేము.

ఆ కుంచె ఒక మతానికి కట్టుబడినది కాదు. రాధాకృష్ణులను, మహాభారత వీరులను అదే రేఖతో, అదే ఆదరంతో తీర్చింది. 1930 దశకంలో యూరపు వెళ్ళి లండనులో లోహఫలకంపై గీసి ముద్రించే ఎచింగ్ విద్య నేర్చుకున్నాడు. 1947 విభజనానంతరం లాహోరులోనే ఉండిపోయాడు. పాకిస్తాన్ ప్రభుత్వం 1960లో 'హిలాల్-ఎ-ఇమ్తియాజ్' బిరుదుతో సత్కరించింది.

1968లో 'అమల్-ఎ-చుగ్తాయి' ప్రకటించాడు. ఈసారి చిత్రాలు ఇక్బాల్ కవిత్వానికి. ముందుమాట వ్రాసిన కవి ఋణం తీరడానికి నలుబది సంవత్సరాలు పట్టింది. దానిని చూడడానికి ఇక్బాల్ లేడు, 1938లోనే గతించాడు. చుగ్తాయి 1975 జనవరి 17న లాహోరులో కన్నుమూశాడు.